తేట బీరు మేలా, మసక బీరు మేలా?

మా బావ ఉండేది బెంగళూరులో. చిత్తూరులో బస్సెక్కితే పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి నాలుగు గంటల దారి. నేను వెళ్ళిన ప్రతిసారీ అక్కడికక్కడే బీరు కాచి అమ్మే ఏదో ఒక మైక్రోబ్రూవరీకి లాక్కుపోతాడు. మొదటిసారి నా ముందు హేజీ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే మసక బీరు పెట్టించినప్పుడు, "ఏంది బావా ఇది, కడవ అడుగు నీళ్ళా?" అన్నాను. "ముందు వాసన చూడు" అన్నాడు. చూశాను. జూన్, జూలై నెలల్లో మా దగ్గర పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు రోడ్డంతా కమ్మే వాసన! మామిడి ముక్క ఒక్కటి కూడా పడలేదట అందులో. అదంతా బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ అనే తీగ పూల మహిమ.

అప్పటినుంచి మా ఇద్దరికీ ఇదే పంచాయితీ. బావ మసక పార్టీ, నేను తేట పార్టీ.

నా మొదటి ఫిర్యాదు ఏమిటంటే, మసక అనేది ఒకటి కాదు. జర్మన్ల హెఫెవైజన్ మసకగా ఉంటుంది. పేరులోనే ఉంది, హెఫె అంటే బీరును పులియబెట్టే ఈస్టు, వైజన్ అంటే గోధుమ. మాల్టులో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో, సగమైనా గోధుమ ఉండాలి. గోధుమలోని ప్రోటీన్లు, వడకట్టకుండా వదిలేసిన ఈస్టు కలిసి ఆ మబ్బు పడుతుంది. హేజీ ఐపీఏలో మసక వేరే రకం. ఓట్స్, గోధుమల ప్రోటీన్లు హాప్స్‌లోని పాలీఫినాల్స్ అనే పదార్థాలతో జతకట్టి, కిందికి దిగకుండా బీరులోనే తేలుతుంటాయి. ఇక మూడోది, తేరుకునేదాకా ఆగకుండా హడావిడిగా పోసేసిన బీరు. గ్లాసులో చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి. బద్ధకస్తుడికి "మాది హేజీ స్టైల్ అండి" అనే సాకు దొరికింది. తేట బీరులో ఆ వీలు లేదు. పొరపాటు జరిగితే కంటికీ నాలుకకీ వెంటనే దొరికిపోతుంది.

అసలు బంగారు రంగు తేట బీరు అంత పాతదేమీ కాదు. 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) ప్ల్జెన్ ఊళ్ళో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ కాచినదే మొదటి పిల్స్‌నర్. ఇవాళ మన ఊళ్ళ బార్లలో దొరికే కింగ్‌ఫిషర్ లాంటి లాగర్లన్నీ ఆ వంశానివే. లాగర్ అన్న మాట నిల్వ చేయడం నుంచి వచ్చింది. సున్నా డిగ్రీలకు దగ్గరగా వారాల తరబడి పెడితే ఈస్టు దానంతటదే అడుగుకు దిగుతుంది. అంత ఓపిక లేనివాళ్ళకు ఫిల్టర్ ఉంది, మడ్డిని దింపే పదార్థాలున్నాయి. ఐరిష్ మాస్ అని ఒక సముద్రపు నాచు వేస్తారు, చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వేస్తారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, చెరువు నీళ్ళ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపిన పల్లెలవాళ్ళకు ఇందులో కొత్తేముంది?

బావ వైపు బలమైన సాక్ష్యం ఒకటుంది, అది దాచను. జర్మనీలోనే క్రిస్టల్‌వైజన్ అని ఇంకో బీరు దొరుకుతుంది. హెఫెవైజన్‌నే వడకడితే అది. అరటిపండు, లవంగం వాసనలు ఈస్టు పులిసేటప్పుడే పుట్టేసి ఉంటాయి కాబట్టి వడకట్టినా చాలావరకు మిగులుతాయి. పోయేది నోట్లో ఉండే ఆ నిండుతనం. పప్పుచారులోంచి పప్పు తీసేసి తేట ఒక్కటే పోసినట్టు. తప్పుపట్టడానికి ఏమీ ఉండదు, కానీ అన్నానికి పట్టదు. గోధుమ బీరు విషయంలో నేను ఓడిపోయాను. అది మసకగానే బాగుంటుంది.

ఐపీఏ దగ్గర మాత్రం ఒప్పుకోను. అమెరికా పడమటి తీరం వాళ్ళ ఐపీఏ తేటగా, గట్టి చేదుతో ఉండేది. 2000ల మొదట్లో అమెరికా తూర్పు వైపున్న వెర్మాంట్‌లో ది ఆల్కెమిస్ట్ అనే బ్రూవరీ వాళ్ళు చేసిన హెడీ టాపర్ అనే ఐపీఏ ఆ లెక్క తిప్పేసింది. ఆ దారి పట్టినవాళ్ళు చేదు తగ్గించి, హాప్స్‌ను మరిగేటప్పుడు కాకుండా చివర్లో గుప్పిళ్ళకొద్దీ వేసి, పండ్ల వాసన పట్టుకున్నారు. 2018కల్లా అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ తన స్టైల్ జాబితాలో జ్యూసీ, హేజీ అని వేరే వరసే పెట్టింది. తమాషా ఏమిటంటే, ఈ గాలికి మూలమైన హెడీ టాపర్ డబ్బా మీద గ్లాసులో పోసుకోవద్దు, డబ్బాతోనే తాగండి అని రాసి ఉంటుంది. మసకను అసలు చూడనక్కర్లేదన్నమాట! ఇప్పుడేమో అందరూ గ్లాసును లైటుకు పట్టి ఫొటో తీశాకే పెదవికి ఆనిస్తున్నారు.

హేజీ ఐపీఏతో నాకున్న అసలు టెన్షన్ మన ఎండ. ఓసారి మే నెలలో బెంగళూరులోనే ఒక షాపులో డబ్బా కొన్నాను. ఫ్రిజ్‌లో కాదు, అరలో ఎన్నాళ్ళుగా ఉందో. బావ గదిలో తెరిచి పోస్తే మామిడిరసం రంగు రావాల్సింది, కుంచె కడిగిన నీళ్ళ రంగు వచ్చింది. వాసన తడిసిన అట్టపెట్టెది. గాలి సోకితే, వేడి తగిలితే ఈ బీరు అంత తొందరగా పాడవుతుంది. లాగర్ ఏమీ అమరం కాదు గానీ, వేడికి ఇంత సుకుమారం కాదు. చిత్తూరు, తిరుపతి లాంటి ఊళ్ళకు సరుకు వచ్చేసరికి ఎన్ని గోడౌన్లు మారి వస్తుందో తెలిసినవాడు డబ్బా హేజీ మీద డబ్బు పెట్టడు.

తిండి సంగతి కూడా చూడాలి కదా. రాగిసంకటి, నాటుకోడి పులుసు తింటూ హేజీ ఐపీఏ తాగి చూశాను. సాధారణంగా అందులో ఆల్కహాల్ 6 శాతం పైనే, కారం మంటకు అది ఆజ్యం పోసింది. హెఫెవైజన్ చేదు 8 నుంచి 15 ఐబీయూ (బీరు చేదును కొలిచే లెక్క) మధ్యే, మంటను కాస్త చల్లారుస్తుంది. జర్మన్ పిల్స్‌నర్ 22 నుంచి 40 దాకా వెళ్తుంది, అయినా నోరు కడిగేసినట్టు శుభ్రం చేసి ఇంకో ముద్దకు సిద్ధం చేస్తుంది. నా ఓటు దానికే.

ధర దగ్గర ఇద్దరికీ న్యాయం ఉంది. హేజీకి హాప్స్ ఎక్కువ కావాలి, మన దేశంలో వాడేది దాదాపు దిగుమతి సరుకే. లాగర్‌కు ట్యాంకు ఎక్కువ రోజులు కావాలి. గోధుమ బీరు రెండు వారాల్లో సిద్ధమైతే, మంచి లాగర్ నెల, నెలన్నర అక్కడే కూర్చుంటుంది. ఆ ట్యాంకులో ఈలోగా ఇంకో రెండు కాపులు అమ్ముకోవచ్చు. ఇరుకు చోట్లో నడిచే మైక్రోబ్రూవరీల్లో గోధుమ బీరు అంతగా కనిపించడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను.

ఇంకో చిన్న మాట. మంచు చల్లదనం మీద తేట బీరు కూడా కాస్త మసకబారుతుంది. ఐదు నిమిషాలు బల్ల మీద పెడితే మళ్ళీ తేటపడుతుంది. అది చెడిపోలేదు, వెనక్కి పంపకండి. నేను పంపి, బావ ముందు పరువు పోగొట్టుకున్నాను.

ఇప్పుడు నేను వెళ్ళగానే వెయిటర్‌ని అడిగేది, ఐపీఏ ట్యాంకులోంచి ఎప్పుడు తీశారని. ఈ వారమే అంటే అది ఒక చిన్న గ్లాసు, తిండి రాకముందే. ప్లేటు వచ్చాక పిల్స్‌నర్. పోయినసారి బావ హేజీ పెద్ద గ్లాసు తెప్పించుకున్నాడు. కోడి వేపుడు వచ్చేసరికి అది సగంలోనే ఆగింది, నా గ్లాసు మాత్రం ఇద్దరి మధ్యకు జరిగింది.