రైతు ఖాతాలు సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి సర్వర్‌లో పెట్టి మోసపోయాను, కొట్లవాళ్లు జాగ్రత్త

పాలకొల్లు, నరసాపురం వైపు ఎరువులు, పురుగుమందుల కొట్లకి తిరిగి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. పోయిన సార్వాకి (ఖరీఫ్‌కి) ముందు కొన్నాను. పద్దెనిమిది వేలు ఒక్కసారి కడితే జీవితాంతం మీదేనండీ అన్నాడు. తన లాప్‌టాప్‌లో చూపించాడు, నేను తలూపాను.

నిన్న పొద్దున్న కొట్టు తీస్తే తెర మీద రెన్యువల్ కట్టమని తప్ప ఇంకేమీ రావట్లేదు. దాళ్వా (రబీ) కోతలు మొదలయ్యాయి. ఓ రైతు బాకీ తీర్చడానికి డబ్బు పట్టుకుని వచ్చి, "నా ఖాతా ఎంతయ్యిందండీ" అని ఎదురుగా నిలబడ్డాడు. ఎరువుల అమ్మకం నమోదు చేసే ఈపాస్ మిషన్లో బస్తాలు కనపడతాయి గానీ ఎవరెంత బాకీయో ఉండదు కదా. ఆ రైతు ఎదురుగానే సాఫ్ట్‌వేర్ అమ్మినాయనకి ఫోన్ చేశాను.

"కొత్త ఆర్థిక సంవత్సరం కదండీ, తొమ్మిది వేలు కడితే ఓపెనవుద్ది" అన్నాడు. జీవితాంతం అన్నారుగా అంటే, సాఫ్ట్‌వేర్‌కే గానీ సర్వర్‌కి కాదట. సరే, నా ఖాతాలు ఎక్సెల్‌లో ఇచ్చెయ్యండి, మానేస్తాను అన్నాను. "మీ ఖాతాలేంటండీ, డేటా మా దగ్గరుంది" అని పెట్టేశాడు.

నా ఖాతాలు నావి కావట! రాత్రంతా ఆ మాటే చెవిలో మోగింది. ఆ రైతు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తను రాసుకున్న ప్రకారం ఇరవై మూడు వేల నాలుగొందలు లెక్కపెట్టి ఇచ్చాడు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు పద్దు పుస్తకం రాశారు, ఏ రైతునీ మీ బాకీ ఎంత అని ఎదురడగలేదు. నేను అడిగాను. తప్పు నాదే, ఒక్క కాగితం కూడా రాయించుకోలేదు.

చివరికి తొమ్మిది వేలూ కట్టాను. 11వ తేదీలోగా మార్చి అమ్మకాల రిటర్ను, అదే జీఎస్‌టీఆర్-1, వెయ్యాలి, ఏం చేస్తాను? తెరిచాక ఆడిటర్ గారు చూస్తే 18 శాతం పడాల్సిన పురుగుమందులు కొన్ని ఎరువుల్లాగా 5 శాతంలో ఉన్నాయి. తేడా పన్నుకి వడ్డీ కూడా నాదే.

కొనేవాళ్లు ముందు మీ సొంత బిల్లులు ఓ నెల అందులో కొట్టి, ఎక్సెల్‌లోకి తీసి మీ ఆడిటర్‌కి చూపించండి. రెండేళ్లుగా వాడుతున్న కొట్టువాళ్లని అడగండి. ఏటా ఎంత కట్టాలో, మానేస్తే డేటా ఎలా ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు మనమే దాచాలని జీఎస్‌టీ చట్టం. అవి వాడి సర్వర్‌లో ఉంటే మన చేతిలో ఉన్నట్టు కాదు.

కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఒక్కో రైతు ఖాతా ప్రింటు తీయిస్తున్నాను. నూట పది అయ్యాయి, ఇంకా మూడొందలు ఉన్నాయి.