రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకుండానే బాగుచేసిన షాపు

విజయనగరం గంట స్తంభం దగ్గర, బట్టల కొట్టు పై అంతస్తులో ఉన్న ఈ రిపేరు షాపుకు నేను మొదటిసారి వెళ్లింది శ్రావణ మాసం ముహూర్తాలకు వారం ముందు. గజపతినగరంలో నాకు చిన్న డీటీపీ సెంటరు ఉంది. పెళ్లి కార్డులన్నీ విండోస్‌లో అను ఫాంట్లతో తయారు చేస్తాను. అదే కంప్యూటర్‌లో మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువు కోసం విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్‌ను కూడా వేసుకున్నాడు. డి డ్రైవ్ నిండిపోవడంతో, పక్కన ఖాళీగా ఉన్న ఇ డ్రైవ్‌ను తొలగించి ఆ స్థలాన్ని డిలో కలిపాను. మర్నాడు స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ‘నో సచ్ పార్టిషన్’ (అలాంటి డిస్కు భాగం లేదు) అనీ, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అనీ వచ్చి ఆగిపోయింది. ఉబుంటుతో పాటు విండోస్ కూడా తెరుచుకోలేదు.

అంతకుముందు చూపించిన మరోచోట, కనీసం మూత కూడా విప్పకుండానే మొత్తం ఫార్మాట్ చేయక తప్పదన్నారు. అందులో అచ్చుకు వెళ్లవలసిన 11 పెళ్లి కార్డుల ఫైళ్లు ఉన్నాయి.

ఈ షాపులోని కుర్రవాడు అడిగిన మొదటి ప్రశ్న, “సార్, చివరిసారి బాగా పనిచేసిన తర్వాత మీరు ఏం మార్చారు?” అని. నేను చెప్పింది విన్నాక, ముందు ఫైళ్లు బయటికి తీద్దామని, పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్‌తో కంప్యూటర్‌ను నడిపించి, సుమారు 90 జీబీల డి డ్రైవ్‌ను నేను తెచ్చుకున్న ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేశాడు. దానికి గంట పట్టింది. అది పూర్తయి, నేను రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకునే వరకు అతడు అసలు సమస్య జోలికి వెళ్లలేదు. ఈ షాపు మీద నాకు నమ్మకం కుదిరింది ఆ క్రమం వల్లనే.

తర్వాత ఒక చిత్తు కాగితం మీద డబ్బాలు గీసి కారణం చెప్పాడు. నాది డిస్కును భాగాలుగా విభజించే పాత పద్ధతి అయిన ఎంబీఆర్‌తో ఉన్న డిస్కు. అందులో ప్రైమరీ పార్టిషన్లు 4కు మించకూడదు. అంతకు మించి కావాలంటే వాటిలో ఒకదాని లోపల చేసుకునే లాజికల్ పార్టిషన్లకు 5 నుంచి వరుసగా నంబర్లు పడతాయి. నా డి డ్రైవ్‌ది 5, ఇ డ్రైవ్‌ది 6, ఉబుంటుది 7. నేను 6ను తీసివేయగానే ఉబుంటు 7 నుంచి 6కు జరిగింది. కంప్యూటర్ స్విచ్ వేయగానే రెండు సిస్టమ్‌లలో ఏది కావాలో అడిగే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మాత్రం తన మిగతా ఫైళ్ల కోసం పాత 7నే వెతుకుతోంది. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి, చిరునామా ఒక్కటే తప్పింది. ఆ రెస్క్యూ తెర మీదనే పార్టిషన్లను ఒక్కొక్కటిగా చూసి, 6లో గ్రబ్ ఫైళ్లున్న బూట్ ఫోల్డర్ కనబడగానే దారి మార్చి, నార్మల్ అని కొట్టేసరికి ఉబుంటు తెరుచుకుంది. అప్పుడు గ్రబ్‌ను డిస్కు మొదట్లో తిరిగి ఇన్‌స్టాల్ చేశాడు.

అయితే కొత్త మెనూలో విండోస్ పేరు లేదు. నా గుండె జారిపోయింది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే సౌకర్యం ముందుగానే ఆపివేసి ఉంటుందని చెప్పి, సెట్టింగ్ ఫైలులో ఒక్క వరుస మార్చి మెనూను మళ్లీ తయారు చేయించాడు; విండోస్ రెండో వరుసలో కనబడింది. ఉబుంటు వాడిన ప్రతిసారీ విండోస్ గడియారం 5 గంటల 30 నిమిషాలు వెనక్కి పోతోందని నేను ఎప్పటినుంచో విసుక్కునేవాడిని. మదర్‌బోర్డు గడియారాన్ని ఉబుంటు గ్రీనిచ్ సమయంగానూ విండోస్ మన సమయంగానూ చదవడమే అందుకు కారణమట. అదనంగా ఏమీ అడగకుండా దాన్నీ సరిచేశాడు.

కాపీతో కలిపి 700 రూపాయలు తీసుకున్నారు. ఆ పనికి అది న్యాయమైన ధరే. లోపాలు లేకపోలేదు. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉండడం వల్ల సీపీయూ మోసుకుని ఎక్కడం కష్టం; అడిగితే తప్ప బిల్లు ఇవ్వలేదు. ఎక్స్‌టర్నల్ డిస్కు మనమే తీసుకువెళ్లాలి. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌ను తీసుకువెళ్లేవారు బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ సౌకర్యం) రికవరీ కీలోని 48 అంకెలను కూడా రాసుకుని వెళ్లాలి. బూట్ సెట్టింగులు మార్చినప్పుడు విండోస్ దాన్ని అడగవచ్చు. అది లేకుండా డ్రైవ్‌లోని ఫైళ్లను ఏ షాపువారూ తెరవలేరు.