వైజాగ్‌లో వీపు నొప్పికి ప్యాకేజీ కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

ఆ ఫిజియోథెరపీ క్లినిక్ పేరు రాయను. రీల్స్‌లో వెన్నుపూస టకటకలాడించి చూపిస్తారే, వాళ్ళు. వైజాగ్‌లో ఉండి ఫోన్ చూసేవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటుంది.

మా తమ్ముడిది ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. వీపు మీద కుడి రెక్క ఎముక కింద నొప్పి అన్నాడు. రోజంతా వంగి చేసే పని కదా, పట్టేసిందనుకున్నాం. కాపడం, ఆముదం అన్నీ అయ్యాక వీళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ప్యాకేజీ 18,000. మొత్తం ముందే కట్టాలి. ‘తిరిగి ఇవ్వబడదు’ అని బిల్లు వెనక చీమ తలకాయంత అక్షరాలు. ఫోన్‌పే కొట్టిన మహాతల్లిని నేనే.

మొదటిరోజు రెండు పేజీల ఫామ్ నింపించారు. అందులో ఇన్‌స్టాగ్రామ్ ఐడీ ఉంది, ఈఎంఐ కావాలా అని ఉంది. దగ్గుందా, జ్వరం వస్తోందా, ఆకలి ఎలా ఉంది అన్న గడి ఒక్కటీ లేదు. మావాడు తనంతట తనే చెప్పాడు, “మేడం, ఊపిరి గట్టిగా తీస్తే కలుక్కుమంటోంది, తుమ్మొస్తే ప్రాణం పోతోంది” అని. దానికి అక్కడ వైద్యం చేసే ఆమె “కండరం పట్టేస్తే అలాగే ఉంటుంది” అంది. ఇక వేడి ప్యాడ్లు, కరెంటు, మోచేత్తో రుద్దుడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోందంటే “మసాజ్ తర్వాత మామూలే”. ప్యాంటు వదులైపోయిందంటే “వెరీ గుడ్, వెన్ను మీద భారం తగ్గుతుంది”. బరువు తగ్గినందుకు మెచ్చుకున్నారండీ!

తర్వాత నిజంగానే నొప్పి తగ్గింది. మేమూ సంతోషించాం, వాళ్ళు మాకంటే ఎక్కువ సంతోషించారు. వెంటనే తమ్ముణ్ణి గోడ ముందు నిలబెట్టి వీడియో తీశారు. “ఇక్కడికొచ్చాక నొప్పి పోయింది” అని చెప్పించారు. అక్కడే ఫోన్ తీయించి గూగుల్‌లో ఐదు చుక్కలు పెట్టించారు.

ఆ తగ్గడమేమిటో తర్వాత తెలిసింది.

నొప్పి పోయింది కానీ రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం. కుడివైపు ఒత్తిగిల్లి పడుకుంటేనే ప్రాణం తేలిగ్గా ఉందంటాడు. ఆ వారం నేనూ వెంట వెళ్ళాను. బల్ల మీద బోర్లా పడుకోబెట్టగానే “మేడం, ఊపిరి ఆడట్లేదు” అన్నాడు. ఆమె ఫోన్‌లోంచి తలెత్తలేదు. “మగాడివి, ఈమాత్రానికే ఇంత భయమా? కళ్ళు మూసుకుని రిలాక్స్ అవ్వు” అంది. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. లేచి కూర్చున్నవాణ్ణి భుజం పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టారు. నాతోనేమో, సూదులు గుచ్చే రెండో ప్యాకేజీ తీసుకుంటే మొత్తం సెట్టవుతుందని బేరం. పక్కటెముకల మధ్య లోతుగా దిగితే ఆ సూది ఊపిరితిత్తికే తగులుతుందని, గాలి లీకవుతుందని ఇప్పుడు తెలుసు నాకు. అప్పుడు తెలిసుంటే ఆ సూది ఎక్కడ గుచ్చుకోవాలో చెప్పేదాన్ని.

మర్నాడు వాల్తేరు ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరుగారు చొక్కా విప్పమని వీపు మీద వేలితో తట్టుకుంటూ కిందికి వచ్చారు. పైన ఖాళీ డబ్బా మోత, కుడివైపు కిందికి వచ్చేసరికి బియ్యం నిండిన డబ్బా మోత. నాకే తేడా వినిపించింది. వీపు మీద చెయ్యి ఆనించి “ఒకటి, ఒకటి” అనమన్నారు. ఎడమవైపు అదురు తెలుస్తోంది, కుడివైపు కింద లేదు. రెక్క కింద గట్టిగా నొక్కి “ఇదేనా నీ నొప్పి?” అని అడిగితే, నొక్కితే ఏమీ లేదన్నాడు. ఇదంతా పట్టుమని ఐదు నిమిషాల పని. యంత్రం లేదు, కరెంటు లేదు, ప్యాకేజీ అసలే లేదు. ఎక్స్‌రేలో కుడివైపు కిందంతా తెలుపు, ఊపిరితిత్తి అడుగున పక్కన ఉండాల్సిన కోసు మూల కనపడనే లేదు. ప్లూరల్ ఎఫ్యూజన్, అంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం. మన పెద్దవాళ్ళు నెమ్ము చేరిందనేవారే, ఆ కోవలోదే.

నాకు అర్థమయ్యేలా ఆయన చెప్పింది ఇది. ఊపిరితిత్తికి నొప్పి తెలియదు. దాన్ని కప్పుతూ ఒక పొర, పక్కటెముకల లోపలివైపు అంటుకుని ఇంకో పొర ఉంటాయి. నొప్పి తెలిసేది ఆ బయటి పొరకే. దాని నరాలు పక్కటెముకల మధ్యవే కాబట్టి పోటు వీపులోనో డొక్కలోనో తెలుస్తుంది. డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కిందుండే కండరం, దాని నడిమి భాగం మీదున్న పొర వాస్తే భుజం మీద కూడా నొప్పి రావొచ్చు, ఆ నరం మెడలోంచి దిగుతుంది కాబట్టి. వాచిన పొరలు ఊపిరి తీసినప్పుడల్లా ఒకదానికొకటి రాసుకుంటాయి, అదే ఆ కలుక్కు. మధ్యలో నీరు చేరిందంటే రాపిడి ఆగి నొప్పి తగ్గుతుంది, ఊపిరితిత్తి నొక్కుకుపోయి ఆయాసం మొదలవుతుంది.

అంటే వాళ్ళు వీడియో తీసింది మావాడికి జబ్బు ముదిరినందుకు!

సూదితో లీటరుకి పైగా తీశారు, లేత పసుపు నీరు. పరీక్షలో లింఫోసైట్లనే తెల్లకణాలు ఎక్కువ, ఏడీఏ అనే ఎంజైమ్ 40 దాటితే టీబీ అనుమానం బలపడుతుందట, వీడికి అంతకంటే బాగా ఎక్కువ వచ్చింది. ఊపిరితిత్తుల పొరకి టీబీ. రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు, అన్నీ ఉచితం. పైగా తిండికని ప్రభుత్వమే నెలకి 1,000 బ్యాంకులో వేస్తుంది. మాత్రలు మొదలెట్టిన రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని హడలిపోయి ఫోన్ చేశాడు. ఆ మందు గుణమేనట.

ఇక అసలు సంగతి. మిగిలిన సిట్టింగుల డబ్బులడుగుదామని ఎక్స్‌రే పట్టుకుని వెళ్ళాను. “ఏటండీ, మళ్ళీ వచ్చారు” అంటూనే కూర్చోబెట్టారు. ఆమె ఎక్స్‌రే కవరులోంచి తీయనైనా తీయలేదు. ట్యాబ్ నావైపు తిప్పి మా తమ్ముడి వీడియో పెట్టింది. “నొప్పి పోయిందని మీవాడే చెప్తున్నాడు కదమ్మా, మా వైద్యం ఫెయిలైందని ఎలా అంటారు? మేం చూసేది వీపు, లంగ్స్ మా సబ్జెక్ట్ కాదు.” అంత మందిలో, సౌండ్ పెంచి మరీ పెట్టింది. వీడియోలో వాడు మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అని వచ్చేశాను, ఆ నాలుగూ ఇక్కడ రాస్తే పోస్ట్ తీసేస్తారు.

ఫిజియోథెరపీని అనట్లేదు నేను. మా వీధిలోనే ఒకాయన ఉన్నారు, ఇదంతా చెప్తే తల పట్టుకున్నారు. పై వీపు నొప్పి అని ఎవరొచ్చినా ఊపిరితో పెరుగుతోందా, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అని అడగాలని, ఉంటే చెయ్యి వేయకుండా డాక్టరు దగ్గరికి పంపాలని మాకు నేర్పిస్తారమ్మా అన్నారు. ‘మా సబ్జెక్ట్ కాదు’ అన్నవాళ్ళు కనీసం పంపించాలి కదా?

సరే, మీకు పనికొచ్చేది. నొప్పి ఊపిరితో, దగ్గుతో పెరుగుతుంటే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించండి, ప్యాకేజీలు తర్వాత. ఉన్నట్టుండి పోటొచ్చి ఊపిరి అందకపోతే ఎక్స్‌రే కోసం కూడా ఆగొద్దు, అది గాలి లీకవ్వొచ్చు, గుండె కావొచ్చు, 108కి కొట్టండి. డబ్బు పోయినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నేను కాగితాలు రెడీ చేస్తున్నా.

గూగుల్‌లో మా తమ్ముడి ఐదు చుక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. పాస్‌వర్డ్ మర్చిపోయాడు వెధవ. అది చూసి మాత్రం వెళ్ళకండి.