అమెరికాలోనే ఫైల్ చేయాలా, ముంబై మీదుగా రావాలా? పెళ్లి గ్రీన్‌కార్డుకు ఏది మేలు

పెళ్లి మీద గ్రీన్‌కార్డుకు ప్రధానంగా రెండు దారులు. జీవిత భాగస్వామి అప్పటికే అమెరికాలో ఉంటే అక్కడే ఐ-485 వేసి స్టేటస్ మార్చుకోవడం ఒకటి. మనవాళ్లు ఏఓఎస్ (అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్) అనేది దీన్నే. ఇండియాలో ఉంటే నేషనల్ వీసా సెంటర్‌కు కాగితాలు పంపి, ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగించుకుని, ఇమిగ్రెంట్ వీసాతో దిగడం రెండోది. రెంటికీ మొదటి మెట్టు, భార్య లేదా భర్త కోసం స్పాన్సర్ వేసే ఐ-130 పిటిషనే. చాలామంది ఫీజు ఎంత, ఎన్ని నెలలు అన్న లెక్కతో ఎంచుకుంటారు. అంతకంటే ముందు చూసుకోవాల్సినవి మూడు: మధ్యలో దేశం దాటాల్సి వస్తుందా, పాత స్టేటస్‌లో చిక్కు ఉందా, అర్జీ తిరస్కరిస్తే మీరు ఎక్కడ, ఏ హోదాలో మిగులుతారు.

పిటిషన్ వేసేది సిటిజనా, గ్రీన్‌కార్డు హోల్డరా అన్నది ముందు తేల్చుకోండి. సిటిజన్ భార్య లేదా భర్తకు కోటా లేదు, ఐ-130, ఐ-485 ఒకేసారి పంపొచ్చు. గ్రీన్‌కార్డు హోల్డర్ జీవిత భాగస్వామి ఎఫ్2ఏ కేటగిరీ కిందికి వస్తారు. వీసా బులెటిన్‌లో, అంటే ఎవరి వంతు ఎప్పుడో చెప్పే నెలవారీ పట్టికలో, మీ తేదీ కరెంట్ అయ్యేదాకా ఐ-485 వేయడానికి లేదు, అప్పటిదాకా సొంత స్టేటస్ నిలబెట్టుకోవాలి. స్పాన్సర్ మధ్యలో సిటిజన్ అయితే కేసు కోటా నుంచి బయటపడుతుంది. కానీ భార్య కేసులో అనుబంధంగా ఉన్న పిల్లలు అక్కడితో జారిపోతారు, వాళ్లకు విడిగా ఐ-130 వేయాలి. ఇది ఆలస్యంగా తెలిసి తల్లికి వీసా వచ్చి పిల్లలకు రాని కుటుంబాలు ఉన్నాయి.

డబ్బు సంగతి త్వరగా చెప్పుకుందాం. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఫీజుల ప్రకారం ఐ-130 కాగితం మీద 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. ఏఓఎస్‌లో ఐ-485కు 1,440, వర్క్ పర్మిట్ కోసం ఐ-765కు 260, ప్రయాణ అనుమతి కోసం ఐ-131కు 630. అన్నీ వేస్తే 3,005. ముంబై దారిలో ఐ-130 మీద 325 వీసా ఫీజు, 120 ఆర్థిక హామీ పత్రం ఫీజు, కార్డు ముద్రణకు 235 కలిపి 1,355. మెడికల్ ఖర్చు రెండింట్లోనూ అదనం. తేడా పెద్దదే. అయినా ఏఓఎస్‌లో ఇద్దరూ కలిసి ఉంటారు, ముంబై దారిలో కేసు తేలేదాకా చెరో దేశంలో. ఆ విలువ 1,650 డాలర్లతో తూచేది కాదు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉండి సిటిజన్‌ను పెళ్లి చేసుకున్నవాళ్లకు ఏఓఎస్ తప్ప మరోటి ఆలోచించనక్కర్లేదు. హెచ్-1బీకి, కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్-1కు ఒక వెసులుబాటు ఉంది: ఐ-485 పెండింగ్‌లో ఉండగా వీసా చెల్లుబాటులో ఉండి, అదే ఉద్యోగానికి తిరిగివస్తే అడ్వాన్స్ పెరోల్ (ఐ-131 మీద వచ్చే ప్రయాణ అనుమతి) లేకున్నా కేసు పోదు. అయితే పాస్‌పోర్టులో స్టాంప్ గడువు తీరితే ఇండియాలో స్టాంపింగ్‌కు వెళ్లాలి. 2025 డిసెంబరులో ఆ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి కాబట్టి పెరోల్ కూడా అడిగి ఉంచుకోవడం క్షేమం. ఇంకో మాట: ఐ-485 మీద వచ్చిన వర్క్ పర్మిట్‌తో వేరేచోట పనిచేయడం మొదలుపెడితే హెచ్-1బీ స్టేటస్ పోతుంది. రేపు ఐ-485 తిరస్కరిస్తే కింద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇంటర్వ్యూ అయ్యేదాకా హెచ్-1బీ ఉద్యోగంలోనే కొనసాగండి.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), చదువయ్యాక పనిచేసే ఓపీటీ మీద ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఐ-131 మంజూరు కాకుండా విమానం ఎక్కితే ఐ-485ను వదిలేసుకున్నట్టే లెక్క. దరఖాస్తు పెట్టాం కదా అనుకుని బయల్దేరడం చాలదు, అనుమతి చేతిలో ఉండాలి. ఇంట్లో అమ్మకో నాన్నకో ప్రాణం మీదికి వస్తే ఆస్పత్రి కాగితాలతో ఎమర్జెన్సీ అడ్వాన్స్ పెరోల్ అడగొచ్చు, కానీ దాని మీద ధీమాగా ఉండలేం. తల్లిదండ్రుల ఆరోగ్యం బాగోలేని ఇంట, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఈ ఒక్క విషయం తేల్చుకున్నాకే కవరు పోస్టు చేయాలి.

స్టేటస్ గడువు దాటి ఉన్నవాళ్లకు రెండు దారుల మధ్య తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. అధికారి తనిఖీ చేసి లోపలికి పంపగా వచ్చి, సిటిజన్‌ను పెళ్లాడితే ఓవర్‌స్టేను, అనుమతి లేని ఉద్యోగాన్ని ఏఓఎస్‌లో క్షమిస్తారు. అదే మనిషి ముంబైలో ఇంటర్వ్యూకని దేశం దాటితే, 180 రోజులు మించిన అక్రమ నివాసానికి మూడేళ్లు, ఏడాది దాటినదానికి పదేళ్లు రానివ్వరు. గ్రీన్‌కార్డు హోల్డర్ జీవిత భాగస్వామికి ఆ క్షమాపణ కూడా లేదు. అమెరికాలో ఉండి చేసుకునేదైనా పెండింగ్ కేసు స్టేటస్ ఇవ్వదని గుర్తుంచుకోండి. తిరస్కరణ నాటికి వేరే స్టేటస్ లేకపోతే, 2025 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చిన విధానం ప్రకారం ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు రావచ్చు. ఇలాంటివాళ్లు లాయరు లేకుండా ఇంటర్వ్యూకు పోవద్దు. జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద వచ్చి రెండేళ్ల స్వదేశ నివాస షరతు ఉన్నవాళ్లు ముందు ఆ షరతు తీర్చాలి, లేదా మాఫీ తెచ్చుకోవాలి. ఏ దారిలోనైనా అంతే.

ఇక భార్య హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉంటే? "విజిటర్ వీసా మీద తీసుకొచ్చి ఇక్కడే ఫైల్ చేసేద్దాం" అన్న సలహా బంధువుల్లో ఎవరో ఒకరు ఇస్తారు. వినొద్దు. స్థిరపడే ఉద్దేశం దాచి బీ-2తో వస్తే అది తప్పుడు సమాచారం కిందికి రావచ్చు, ఆ మచ్చ జీవితాంతం వెంటాడుతుంది. ముంబై దారే సరైనది.

కే-1, అంటే ఫియాన్సీ వీసా, మన పెళ్లిళ్లకు అరుదుగా కుదురుతుంది. ఖర్చు ఎక్కువ: ఐ-129ఎఫ్ పిటిషన్ 675, వీసా 265, దిగాక ఐ-485 మళ్లీ 1,440. అంతకన్నా పెద్ద చిక్కు, పెళ్లి కాకుండా ఉండాలి. పెద్దల సంతోషం కోసం గుళ్లో తాళి కట్టించి, రిజిస్ట్రేషన్ మాత్రం ఆపితే సరిపోతుందనుకుంటారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 7 ప్రకారం ఆచారం ప్రకారం జరిగితే పెళ్లి అయినట్టే. రిజిస్ట్రేషన్ రుజువు మాత్రమే. ఇంటర్వ్యూలో ఆ ఫొటోలు బయటపడితే కే-1 అక్కడితో ఆగుతుంది. వీడియో కాల్‌లో జరిపిన పెళ్లి కూడా, ఆ తర్వాత దంపతులు కలిసి కాపురం చేసినట్టు లేకపోతే చెల్లదు.

ఐ-130 ఫారంలో ఒక చిన్న గడి పెద్ద ఆలస్యం తెస్తుంది. లబ్ధిదారు అమెరికాలో స్టేటస్ మార్చుకుంటారా, కాన్సులేట్‌కు వెళ్తారా అన్న ప్రశ్న అది. ఏఓఎస్ అని రాసి, ఆమోదం వచ్చాక ముంబై కావాలంటే, కేసును కాన్సులేట్‌కు పంపమని అడిగే ఐ-824 వేసి మళ్లీ నెలలు కాయాలి.

కాగితాల దగ్గర తెలుగువాళ్లకు తరచూ తగిలే రాయి ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, టెన్త్ మెమోలో ఇనీషియల్, బర్త్ సర్టిఫికెట్‌లో పేరే లేకపోవడం మామూలు. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. పుట్టుక నమోదు కాకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి నాన్-అవైలబిలిటీ పత్రం, దాంతో పాటు మీ పుట్టుక తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరి అఫిడవిట్లు. పెళ్లికి కల్యాణ మండపం రసీదు, గుడి ఇచ్చిన పత్రం చాలవు, సబ్-రిజిస్ట్రార్ సర్టిఫికెట్ ఉండాలి. ముంబై దారిలో అదనంగా పాస్‌పోర్టు ఆఫీసు పోలీస్ క్లియరెన్స్ కావాలి. 16 ఏళ్లు దాటాక ఏడాదికి పైగా ఉన్న ఇతర దేశాలవి కూడా, అమెరికాది మాత్రం అక్కర్లేదు. ఏఓఎస్‌లో వేలిముద్రలతోనే సరిపెడతారు.

ఆర్థిక హామీ, అంటే ఐ-864, రెండింటికీ తప్పదు. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి 26,437 డాలర్ల ఆదాయం చూపాల్సి ఉండేది. ఏఓఎస్‌లో భార్య హెచ్-1బీ జీతం కూడా కలుపుకోవచ్చు, ఎందుకంటే అది ఇకముందూ వస్తుంది. హైదరాబాద్ జీతం ముంబై కేసులో లెక్కకు రాదు. సిటిజన్ భర్త కొన్నేళ్లుగా ఇండియాలోనే ఉంటుంటే, తిరిగి అమెరికాలో కాపురం పెట్టబోతున్నట్టు ఇల్లు, ఉద్యోగం, బ్యాంకు ఆధారాలు చూపాలి. స్నేహితుడిని జాయింట్ స్పాన్సర్‌గా అడిగేముందు అతనికి నిజం చెప్పండి: విడాకులైనా ఆ బాధ్యత పోదు.

ఏఓఎస్ మెడికల్ అమెరికాలో సివిల్ సర్జన్, అంటే ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టర్, చేస్తారు. 2024 డిసెంబరు 2 నుంచి ఐ-693 (మెడికల్ రిపోర్టు) సీల్డ్ కవరును ఐ-485తో పాటే పంపాలి, తర్వాత ఇస్తామంటే వెనక్కి పంపేయొచ్చు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నా క్షయ (టీబీ) కోసం చేసే ఐజీఆర్ఏ రక్తపరీక్షకు దాని ప్రభావం ఉండదు. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే, అది శుభ్రంగా ఉంటే కేసు ఆగదు. ఇండియాలో కాన్సులేట్ జాబితాలోని డాక్టర్లే చేయాలి. 15 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఎక్స్‌రే, మచ్చ కనబడితే కఫం పరీక్ష, కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాలు. అందుకే మెడికల్ అయ్యేదాకా టికెట్లు కొనొద్దు.

ఇంటర్వ్యూల స్వభావమే వేరు. ముంబైలో సాధారణంగా భాగస్వామి ఒక్కరే, అద్దాల కిటికీ ముందు, కొద్ది నిమిషాలు. కాగితం లోపిస్తే, అది ఇచ్చేదాకా కేసు ఆపామని చెప్పే 221(జీ) చీటీ. ఏఓఎస్‌లో ఇద్దరూ వెళ్లాలి, ప్రమాణం చేయించి ఐ-485లోని అవును-కాదు ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతారు. అనుమానం వస్తే ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలు వేస్తారు. ముంబై కేసులో ఒకే చిరునామా, జాయింట్ అకౌంట్ ఎలాగూ ఉండవు. కాబట్టి శుభలేఖ, రెండు వైపుల పెద్దలున్న పెళ్లి ఫొటోలు, కలుసుకోవడానికి వచ్చిన విమాన టికెట్లు, నెలలవారీ కాల్ చరిత్ర, పంపిన డబ్బు రసీదులు ఇవ్వాలి. పెళ్లిచూపులకూ ముహూర్తానికీ మధ్య మూడు వారాలే ఉంటే దాచక్కర్లేదు. సంబంధం ఎవరు తెచ్చారో, ఎలా కుదిరిందో ఇద్దరూ ఒకేలా చెప్పగలిగితే చాలు.

ముంబై దారికి ఒక చిన్న లాభం ఉంది. కార్డు వచ్చేరోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు. గడువుకు ముందు 90 రోజుల్లో 750 డాలర్లతో ఐ-751 వేసి షరతు తీయించుకోవాలి. ఏఓఎస్‌లో ఆమోదం తేదీ మీ చేతిలో లేదు. ముంబై దారిలో దిగే తేదీ మీది. వీసా గడువులోగా రెండో పెళ్లిరోజు వస్తుంటే, అది దాటాక దిగి, ఇమిగ్రేషన్ అధికారికి మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి సీఆర్-1ను (షరతు ఉన్న కేటగిరీ) ఐఆర్-1గా (షరతు లేనిది) మార్చమని అడగండి. అప్పుడు నేరుగా పదేళ్ల కార్డు వస్తుంది.