స్క్రీన్‌షాట్‌ను చెడగొట్టకుండా దాటించేది ఏది? వర్డ్, రైటర్, గూగుల్ డాక్స్

నిన్న తేటగా ఉన్న స్క్రీన్‌షాట్‌లో ఇవాళ అక్షరాలు అలుక్కుపోతే, అందరి అనుమానం పేస్ట్ చేసిన తీరు మీదికే పోతుంది. చాలాసార్లు నష్టం జరిగేది సేవ్ దగ్గర, లేదంటే పీడీఎఫ్ చేసే దగ్గర.

ఈ పనిలో మైక్రోసాఫ్ట్ వర్డ్‌కు మార్కులు తగ్గేది ఒక్క టిక్కు వల్ల. 1920 పిక్సెళ్ల (బొమ్మలోని చుక్కల) వెడల్పున్న స్క్రీన్‌షాట్‌ను అంగుళం మార్జిన్లున్న ఏ4 పేజీలో పెడితే దానికి దక్కే చోటు 6.27 అంగుళాలు, అంటే అంగుళానికి 306 పిక్సెళ్లు. డిఫాల్ట్ రిజల్యూషన్ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు ఉంచాలన్న సెట్టింగ్) 220గా ఉంటే వర్డ్ సేవ్ చేసేటప్పుడు దాన్ని సుమారు 1379 పిక్సెళ్లకు కుదిస్తుంది. ఎత్తు కూడా అదే లెక్కన తగ్గుతుంది కాబట్టి దాదాపు సగం పిక్సెళ్లు పోయినట్టే. తర్వాత బొమ్మను ఎంత లాగినా అవి తిరిగి రావు. ఫైల్ > ఆప్షన్స్ > అడ్వాన్స్‌డ్‌లో ‘ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ’ కింద ‘డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’కు మొదటి సేవ్‌కు ముందే టిక్ పెట్టాలి. పక్కనున్న జాబితాలో ‘ఆల్ న్యూ డాక్యుమెంట్స్’ ఎంచుకోకపోతే ఆ టిక్ ఈ ఒక్క ఫైలుకే పనిచేస్తుంది. ఇంత ముఖ్యమైన సెట్టింగ్‌ను అంత లోపల దాచడం ఏం పద్ధతో!

వర్డ్‌ను తిట్టే ముందు ఒకటి చూడండి. మామూలు స్క్రీన్ మీద 100 శాతం జూమ్‌లో ఆ 6.27 అంగుళాలకు వచ్చేవి 600 పిక్సెళ్లే. 1920 పిక్సెళ్ల బొమ్మ అందులో మసకగానే కనిపిస్తుంది. జూమ్ 320 శాతానికి పెంచాక కూడా మసక పోకపోతేనే బొమ్మ చెడినట్టు లెక్క. అసలు స్క్రీన్ మొత్తం కాకుండా, కావాల్సిన 600 పిక్సెళ్ల డైలాగ్ బాక్స్ వరకే తీసుకుంటే కుదించే పనే ఉండదు.

లిబ్రేఆఫీస్ రైటర్ ఇంతకన్నా నయం. మీరు కంప్రెస్ చేయమంటే తప్ప సేవ్‌లో బొమ్మ జోలికి పోదు. దాని మెలిక పీడీఎఫ్ దగ్గర: ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో మొదటినుంచీ 90 శాతం నాణ్యతతో జేపెగ్ (బొమ్మను కొంత నష్టంతో కుదించే రూపం), 300 డీపీఐకి (అంగుళానికి 300 పిక్సెళ్లకు) తగ్గింపు ఎంచుకుని ఉంటాయి. పై లెక్కలోని 306ను 300కు దించడమంటే 1920ని 1881 చేయడం. తేడా చిన్నదే అయినా పిక్సెళ్లన్నీ పక్కవాటితో కలిసిపోతాయి, సన్నని అక్షరాల అంచులు మెత్తబడతాయి. పైగా జేపెగ్ బొమ్మను 8×8 గళ్లుగా విడగొట్టి సర్దుతుంది. ఫొటోకు చెల్లుతుందేమో గానీ, తెల్లని నేల మీద ఎర్రని అక్షరానికి చుట్టూ మురికి పట్టినట్టవుతుంది. ‘లాస్‌లెస్ కంప్రెషన్’ ఎంచుకుని, ‘రెడ్యూస్ ఇమేజ్ రిజల్యూషన్’ టిక్ తీసేయండి. ఫైల్ సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఒక ప్రోగ్రామ్‌లోంచి కాపీ చేసి ఇంకో దాంట్లో పేస్ట్ చేస్తే క్లిప్‌బోర్డ్ ఏ రూపంలో ఇస్తుందో చెప్పలేం. వర్డ్‌లో కంట్రోల్+ఆల్ట్+వి నొక్కితే రూపాల జాబితా వస్తుంది. పీఎన్‌జీ (పిక్సెళ్లను చెడగొట్టని రూపం) కనిపిస్తే అదే తీసుకోండి. ఇంకా నమ్మకమైన దారి: వర్డ్ డాక్స్ (.docx) ఫైలుకు నకలు తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి విప్పితే ‘వర్డ్’ ఫోల్డర్‌లోని ‘మీడియా’లో బొమ్మలు ఉంటాయి. రైటర్ సొంత రూపమైన ఓడీటీ (.odt) ఫైలులో అయితే ‘పిక్చర్స్’లో. పాత డాక్ (.doc) ఫైలు జిప్ కాదు, ముందు డాక్స్‌గా సేవ్ చేయాలి. బయటికి తీసిన ఫైలును కొత్త చోట ఇన్సర్ట్‌తో పెట్టండి. అందులో ఉన్నది జేపెగ్ అయితే పీఎన్‌జీగా మార్చి లాభం లేదు, మురికి కూడా భద్రంగా మారుతుంది.

గూగుల్ డాక్స్‌లోంచి తీయాలంటే డౌన్‌లోడ్‌లో వెబ్ పేజీ ఎంచుకోవాలి. వచ్చే జిప్‌లో ‘ఇమేజెస్’ ఫోల్డర్ ఉంటుంది. అందులోని బొమ్మ వెడల్పు ఎన్ని పిక్సెళ్లో అసలుతో పోల్చి చూశాకే వాడండి.