పొగ నిషేధమా, గుట్కా నిషేధమా: పర్లాకిమిడిలో ఏది పనిచేస్తోంది?

ఒడిశాలో, శ్రీకాకుళం జిల్లా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో పొగాకుపై రెండు రకాల నిషేధాలున్నాయి. ఒకటి తాగే చోటును కట్టడి చేస్తుంది, రెండోది అమ్మకాన్నే ఆపుతుంది.

మొదటిది 2003 నాటి కేంద్ర చట్టం. 2008 అక్టోబరు 2 నుంచి దాని నిబంధనలు కఠినమయ్యాయి. బహిరంగ స్థలంలో పొగ తాగితే 200 రూపాయల వరకు జరిమానా. అక్కడ యాష్‌ట్రే, అగ్గిపెట్టె కూడా అందుబాటులో ఉంచకూడదు. అయినా టీకొట్టు గుంజకు వేలాడే కొబ్బరితాడు కొస, బీడీ ముట్టించుకునేవాళ్ల కోసం రోజంతా రాజుకుంటూనే ఉంటుంది. చూస్తే ఒళ్లు మండుతుంది. కానీ ఈ చట్టం జనానికి నోరిచ్చింది. బస్సులో ఎవరైనా చుట్ట తీస్తే, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి "బాబుగారూ, కిందికి దిగి కాల్చుకోండి" అని ధైర్యంగా అనగలుగుతోంది. ఆయన గొణుక్కుంటూనే దిగుతాడు.

రెండోది ఒడిశాలో 2013 నుంచి ఉన్న గుట్కా నిషేధం. కాగితం మీద ఇదే గట్టిది. ఆచరణలో సరుకు చాటుకు చేరింది, అంతే.

నా ఓటు మొదటిదానికే. పక్కవాడి ఊపిరిని కాపాడేది అదే. అయితే అది ఇంటి గడప దాటి లోపలికి రాదు. శ్రీకాకుళం వైపు కొందరు పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటు అది. అక్కడ చలానా పనికిరాదు. ఆరోగ్య కార్యకర్త పక్కన కూర్చుని, నోరు తెరిపించి, అంగిలి చూడాలి.