వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో శత్రువు తలపై హెల్త్ బార్: ఏళ్ల తరబడి ఆడిన తరువాత

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో శత్రువుల తలల మీద తేలుతూ, మిగిలిన ప్రాణాన్ని చూపే పట్టీలను, అంటే హెల్త్ బార్లను, ఆటగాళ్లు నేమ్‌ప్లేట్లు అంటారు. కీబోర్డు మీద ‘వి’ మీట నొక్కితే శత్రువులవి, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే మిత్రులవి కనిపిస్తాయి; మళ్లీ నొక్కితే మాయమవుతాయి. 2004 నాటి ఆటను తిరిగి తెచ్చిన క్లాసిక్‌లోనూ, ఇప్పటి ప్రధాన ఆటలోనూ నేను ఏళ్ల తరబడి వారియర్‌గా (యోధుడి పాత్రలో), అందులోనూ ఎక్కువగా ట్యాంక్‌గా, అంటే శత్రువుల దెబ్బలను తన మీదికి తీసుకుని జట్టును కాపాడేవాడిగా, ఆడుతున్నాను. ఈ పట్టీలు ఆటను మరీ తేలిక చేస్తున్నాయని కొందరు, అందాన్ని పాడుచేస్తున్నాయని మరికొందరు అంటుంటారు. నేను గమనించినంతవరకు శత్రువు ఒక్కటే ఉన్నప్పుడు ఈ పట్టీతో పెద్దగా పని ఉండదు. నాలుగైదు ఒకేసారి మీద పడినప్పుడు మాత్రం అది లేకుండా ట్యాంక్ తన పని సరిగా చేయలేడు.

ఒక్క శత్రువుతో పోరాడేటప్పుడు దాని ప్రాణం ఎంత మిగిలిందో తెర ఎడమ మూలన ఉండే టార్గెట్ ఫ్రేమ్ ఎలాగూ చెబుతుంది. తల మీద తేలే పట్టీ అదే మాటను రెండోసారి చెప్పడమే. అయినా క్లాసిక్‌లో దానికి ఒక ప్రయోజనం ఉంది. వెస్ట్‌ఫాల్ ప్రాంతంలోని డీఫియస్ ముఠా మనుషులు, ఎల్విన్ అడవిలోని నోల్‌లు అనే జీవులు ప్రాణం అడుగంటగానే వెనుదిరిగి పరుగెత్తుతారు; ఆ పరుగులో దగ్గరున్న తోటివారిని కూడా వెంట తీసుకువస్తారు. పట్టీ చివరి భాగానికి చేరుతుండగానే వేగాన్ని తగ్గించే హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బ వేసి కాలు కట్టేస్తే ఆ బెడద ఉండదు. చూపు మూలకు పోకుండా శత్రువు మీదే నిలిచి ఉన్నందువల్ల, వాడి వెనక గుడిసె పక్కన ఇంకొకడు నిలబడి ఉన్న సంగతి కూడా అదే చూపులో తెలిసిపోతుంది. అంటే ఇక్కడ అక్కరకు వచ్చింది పట్టీలోని సమాచారం కన్నా అది ఉన్న చోటు.

అసలు విలువ గుంపులతో పోరాడినప్పుడు తెలుస్తుంది. పెద్ద జట్టుగా వెళ్లే మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లో మాగ్మడార్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్లే దారిలో కోర్ హౌండ్‌లనే వేటకుక్కలు ఐదేసి గుంపులుగా ఉంటాయి. గుంపులో ఒకటి చచ్చాక మిగిలినవి కూడా సుమారు 10 సెకన్లలో చావకపోతే, చచ్చింది మళ్లీ లేచి వస్తుంది. కాబట్టి అక్కడ బలం ఎంత ఉన్నా చాలదు, ఐదింటి ప్రాణాన్నీ సమంగా తగ్గించుకుంటూ రావాలి. టార్గెట్ ఫ్రేమ్ ఒక్కదాన్నే చూపిస్తుంది. తక్కిన నాలుగింటి పరిస్థితి తెలియాలంటే ఒక్కొక్కదాన్నీ ఎంచుకుని చూసుకోవాలి, అంతసేపు ఎవరూ ఆగరు. ఐదు పట్టీలూ ఎదురుగా ఉంటే దేని ప్రాణం తక్కినవాటి కన్నా ఎక్కువ మిగిలిందో కంటికి ఆనుతుంది, దెబ్బ దాని మీదికి మళ్లించవచ్చు, ప్రాణం మరీ తగ్గినదాన్ని కాసేపు వదిలేయమని వాయిస్ చాట్‌లో చెప్పవచ్చు. ఎవరిని కొట్టాలో చెప్పడం కన్నా ఎవరిని కొట్టకూడదో చెప్పడంలోనే ఈ పట్టీ ఎక్కువ పనికొస్తుందని నాకు అక్కడే అర్థమైంది.

2016లో లీజియన్ విస్తరణతో వచ్చిన మిథిక్ ప్లస్ అనే, కష్టం పెంచుకుంటూ పోయే డంజన్లలో (చిన్న జట్టుగా వెళ్లే శత్రు స్థావరాల్లో) బోల్‌స్టరింగ్ అనే నియమం ఇదే సంగతిని మరింత గట్టిగా చూపించింది. బాస్ కాని శత్రువు ఒకటి చనిపోతే దాని దగ్గరున్న తోటివాటి ప్రాణమూ, దెబ్బ బలమూ 20 శాతం చొప్పున పెరిగేవి. చిన్నవాటిని తొందరపడి చంపితే పెద్దది రాక్షసిగా మారి ట్యాంక్‌ను రెండు దెబ్బల్లో పడగొట్టేది. తరువాతి కాలంలో ఆ నియమాన్ని తొలగించారు. అయితే ఈ పట్టీలకున్న ఒక పరిమితిని కూడా అదే బయటపెట్టింది: పట్టీ చూపేది నిష్పత్తిని మాత్రమే, పరిమాణాన్ని కాదు. బక్క శత్రువు తల మీదా, దానికి పదింతల ప్రాణమున్న శత్రువు తల మీదా ఇంచుమించు ఒకే నిడివి పట్టీ ఉంటుంది, రెండూ సగానికి వస్తే చూపుకు సమానంగానే కనిపిస్తాయి. తొలి రోజుల ఆటలో శత్రువు ప్రాణం అంకెల్లో కాకుండా శాతంలోనే అందేది కనుక ఆ తేడా అనుభవం మీద తెలుసుకోవలసిందే. ఇప్పుడు పట్టీ మీదే అంకెలు వేసుకోవచ్చు గానీ, హడావుడిలో అంకెలు చదివే తీరిక ఎవరికుంటుంది?

పట్టీ కింద కనిపించే కాస్ట్ బార్ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. ఆరు శత్రువుల మధ్య మంత్రం చదువుతున్నది ఏదో, ఆ మంత్రాన్ని ఆపడం కుదురుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. కాస్ట్ బార్ పక్కన డాలు గుర్తు ఉంటే ఆపలేమని అర్థం. హెల్త్ బార్లు నచ్చనివారు కూడా డంజన్‌లో వాటిని తెరిచి ఉంచడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఇక ఇబ్బందుల సంగతి. జుల్‌ఫరాక్ డంజన్‌లో పంజరాల్లోని ఖైదీలను విడిపించగానే మెట్ల మీదుగా ట్రోల్‌లు అలలు అలలుగా ఎక్కి వస్తారు. ఆ ఆటలో నాకు బాగా నచ్చిన దృశ్యాల్లో అదొకటి. పట్టీలు తెరిచి ఉంటే అక్కడ ట్రోల్‌లూ కనిపించరు, మెట్లూ కనిపించవు. ఎర్ర గీతల వరుస ఒకటి పైకి పాకుతూ వస్తుంది. పైగా శత్రువులు ఒకేచోట కుమ్మరించినట్టు చేరినప్పుడు పట్టీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. సెట్టింగుల్లో వాటిని దొంతరగా పేర్చే ఏర్పాటు ఉంది, కానీ అలా పేర్చినప్పుడు ఏ పట్టీ ఏ శత్రువుదో పోల్చుకోవడం కష్టమై, క్లిక్ చేసేలోపే అది పక్కకు జరిగిపోతుంటుంది. ఒకదాని మీద ఒకటి పడనిస్తే ప్రతి పట్టీ తన యజమాని తలనే అంటిపెట్టుకుని ఉంటుంది గానీ కిందివి కనిపించవు. ట్యాంక్‌గా నేను దొంతరనే ఎంచుకుంటాను. గుంపును తిప్పి నిలబెట్టేది ఎలాగూ నేనే.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విదేశీ సర్వర్ల మీద ఆడేవారికి ఇంకొక చిక్కు ఉంది. పట్టీ చూపేది సర్వర్ నుంచి మన దాకా వచ్చిన కబురునే. పింగ్ (కబురు చేరడానికి పట్టే సమయం) ఎక్కువైతే ఆ కబురు అప్పటికే పాతబడి ఉంటుంది. వారియర్ ఎగ్జిక్యూట్ దెబ్బ మామూలుగా శత్రువు ప్రాణం 20 శాతం కంటే తగ్గిన తరువాతే వేయగలం. పట్టీ ఆ గీత దాటిందని చూసి మీట నొక్కేసరికి, పక్కవాడి దెబ్బకు శత్రువు అప్పటికే నేలకూలి ఉండడం మనవారికి మామూలే. అందువల్ల పట్టీ ఎక్కడ ఉందన్నదాని కన్నా అది ఎంత వేగంగా కరుగుతోందో చూడడం నాకు అలవాటైంది.

లీజియన్‌తోనే నేమ్‌ప్లేట్లను కొత్తగా తీర్చిదిద్ది, మనం శత్రువు మీద వేసిన డీబఫ్‌లను (బలహీనపరిచే ప్రభావాలను) కూడా వాటి మీదే చూపడం మొదలుపెట్టారు. అది మంచి మార్పు. అయినా చాలామంది ప్లేటర్ వంటి యాడాన్లను (ఆటకు విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను) ఆశ్రయించడానికి ముఖ్య కారణం రంగులు: శత్రువు నా మీదే ఉందా, జట్టుకు ప్రాణం నింపే హీలర్ మీదికి పోయిందా అన్నది పట్టీ రంగే చెప్పగలిగితే ట్యాంక్‌కు సగం పని తగ్గుతుంది. మిడ్‌నైట్ విస్తరణతో పోరాట సమాచారం యాడాన్లకు అందడాన్ని కట్టడి చేస్తామని, ఆటలోని సొంత నేమ్‌ప్లేట్లను మెరుగుపరుస్తామని 2025లో ఆట తయారీ సంస్థ బ్లిజార్డ్ ప్రకటించింది. ట్యాంక్ కోణంలో అడిగితే ఆ మెరుగుదలలో మొదటి స్థానం ఈ రంగులకే ఇవ్వాలంటాను. పట్టీ అందచందాల సంగతి తరువాత చూసుకోవచ్చు.

డంజన్లలోనూ రెయిడ్లలోనూ నేను శత్రువుల పట్టీలను తెరిచి ఉంచుతాను, బయట ఒంటరిగా తిరిగేటప్పుడు మూసేస్తాను. కొత్తగా ట్యాంక్ చేయదలచినవారు మొదటి రోజు నుంచే వీటిని తెరిచి పెట్టుకోవడం మంచిది, పేర్ల అక్షరాలు చిన్నవి చేసి పట్టీని సన్నగా ఉంచుకుంటే తెర మరీ ఇరుకనిపించదు. మిత్రుల పట్టీలు మాత్రం అవసరం లేదు, ఆ పనికి జట్టు సభ్యుల ప్రాణాన్ని చూపే పార్టీ ఫ్రేమ్‌లు చాలు.